కార్డులన్నీ తీసేశాక మిగిలిన లైను

దెయ్యాల్ని నమ్మితే నా పని సాగదు. తాడేపల్లిగూడెంలో మా ఆయనా నేనూ కలిసి కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నాం. ఆయన కౌంటర్ దగ్గరుంటారు. లోపల స్క్రూడ్రైవరు పట్టుకునేది నేను. సీపీయూకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి తెచ్చినవాళ్ళని చూశాను. "దానంతటదే ఆన్ అయిపోతోందండీ, ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు" అని ఒకావిడ ఆటోలో వేసుకొచ్చిన కంప్యూటర్ విప్పితే, పవర్ బటన్ వెనక బొద్దింక ఉంది. అంతే.

మెషీన్ ఏం చేసినా దానికో కారణం ఉంటుంది. అది దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. షాపుకొచ్చిన వాళ్ళకి ఇదే మాట చెబుతాను. ఇప్పటికీ చెబుతున్నాను. కానీ ఒక్క మెషీన్ విషయంలో మాత్రం ఆ మాట నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం. మా అన్నయ్య ప్రసాదుకి ఏలూరులో ఎరువుల కొట్టు ఉంది. ఇంటి మేడమీద రేకుల గదిలో సరదాగా మొదలుపెట్టి ఒక మైనింగ్ మెషీన్ తయారుచేసుకున్నాడు. మైనింగ్ అంటే తవ్వడం కాదు. క్రిప్టో నాణేల కోసం కంప్యూటరు రాత్రీ పగలూ ఆగకుండా లెక్కలు చేస్తూ ఉండటం. ఆ లెక్కలు చేసేవి గ్రాఫిక్స్ కార్డులు. మామూలు కంప్యూటర్‌లో ఒకటి ఉంటే గొప్ప. అన్నయ్య అల్యూమినియం స్టాండుకి ఆరు కార్డులు వరసగా వేలాడదీశాడు. ఆ గదిలోకి వెళ్తే అన్నిటి ఫ్యాన్ల హోరూ కలిసి తేనెపట్టు దగ్గర నిలబడ్డట్టుండేది.

స్క్రీన్ మీద ఒక్కో కార్డుకీ ఒక్కో లైను. కార్డు పేరు, ఎంత వేడెక్కింది, ఫ్యాను నూటికి ఎంత స్పీడులో తిరుగుతోంది, ఎంత పని చేస్తోంది. బాగుంటే ఆకుపచ్చగా ఉంటుంది. ఆగిపోతే ఎర్రగా మారుతుంది. అదే స్క్రీను అన్నయ్య ఫోన్‌లో కూడా కనిపించేది. భోజనం చేస్తూ కూడా దాన్ని చూసేవాడు. వదిన విసుక్కునేది.

మే నెలలో అన్నయ్యకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులకి ఆయాసం మొదలైంది. ఏలూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎవరి కాళ్ళో పట్టుకుంటే మంచం దొరికింది. పిల్లల్ని తణుకులో వాళ్ళ అమ్మమ్మగారింటికి పంపేసి, లక్ష్మీ వదిన ఆసుపత్రి బయట షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. లోపలికి ఎవర్నీ రానిచ్చేవాళ్ళు కాదు. ఎప్పుడైనా గేటు దగ్గర బతిమాలుకుంటే మాస్కు మీద మాస్కు పెట్టించి రెండు నిమిషాలు పంపేవాళ్ళు.

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఒకటే నంబరు మాట్లాడుకునేవాళ్ళం. ఆక్సిజన్ ఎంతుంది? వదిన పొద్దున్నే ఫోన్ చేసి "తొంభై మూడు" అనేది. మళ్ళీ సాయంత్రం "తొంభై నాలుగమ్మా, పర్లేదు" అనేది. అంతటితో ఫోన్ పెట్టేసేది.

ఒకరోజు ఆ నంబరు చెప్పాక కూడా ఫోన్ పెట్టలేదు.

"పద్మా, ఆ మేడమీద మెషీన్ సంగతేంటో ఒకసారి చూడమ్మా" అంది.

"ఇప్పుడు అదెందుకు వదినా?"

"అందులో ఏదో ఎర్రగా వస్తోందంట. మాటిమాటికీ మొత్తం ఆగిపోయి మళ్ళీ మొదలవుతోందంట. నిన్నట్నుంచీ అదే ధ్యాస. ఆ వార్డులో ఇంకేం చూడాలమ్మా ఆయన? అటు చూస్తే ఒకళ్ళని తీసుకెళ్తున్నారు, ఇటు చూస్తే ఒకళ్ళని తీసుకెళ్తున్నారు. ఆ ఫోన్‌లో ఆకుపచ్చ గీతలు చూసుకుంటూ పడుకుంటున్నారు. అది ఎర్రగా కనిపిస్తే కంగారు. కంగారు పడితే నంబరు తగ్గిపోతోంది."

మర్నాడు తెల్లవారగానే మా ఆయన బండి మీద నన్ను ఏలూరు తీసుకెళ్ళి దింపారు. మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ కాబట్టి ఆయన వెంటనే వెనక్కి వెళ్ళిపోయారు. పక్కింట్లో వదిన ఇచ్చి ఉంచిన తాళం తీసుకుని నేనొక్కదాన్నే లోపలికెళ్ళాను.

ముందు అన్నయ్యకి ఫోన్ చేశాను. మాస్కులోంచి మాట సరిగ్గా వినబడలేదు.

"అన్నయ్యా, ఇవాళ అన్ని కార్డులూ ఒక్కొక్కటీ పీకి చూస్తాను. నీ ఫోన్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఎర్రగా అయిపోతాయి. అది నేను చేస్తున్నదే. కంగారు పడకు."

"నేను చూడన్లేవే. కాసేపు పడుకుంటాను" అన్నాడు.

మేడమీద గది పొయ్యిలా ఉంది. కిటికీ తెరిచి, టేబుల్ ఫ్యాను పెట్టుకుని పని మొదలుపెట్టాను. ఇలాంటి మెషీన్లతో చిక్కేమిటంటే, ఒక్క కార్డు తేడా చేసినా మొత్తం పడిపోతుంది. పడిపోయేటప్పుడు తప్పు వేరేదాని మీద చూపిస్తుంది. స్క్రీన్ మీద మూడోది ఎర్రగా ఉంటే అసలు రోగం ఐదోదానికి ఉండొచ్చు. అందుకని ఒకటి తీయడం, ఆన్ చేసి చూడటం, అది పెట్టి ఇంకొకటి తీయడం. వేరే దారి లేదు.

మధ్యాహ్నానికి దొరికింది. కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య రైజర్ అని చిన్న బోర్డు ఉంటుంది. దానికి కరెంటు వెళ్ళే ప్లగ్గు ఒకటి వేడికి గోధుమరంగుకి తిరిగి, ఒక మూల కరిగిపోయింది. వాసన కూడా వస్తోంది. ఆ రైజర్ని, దాని కార్డుని తీసి పక్కన పెట్టాను. కొత్త రైజర్ నా సంచిలో ఉంది. అది బిగించే ముందు మిగతా ఐదూ నిలకడగా నడుస్తాయో లేదో చూద్దామని ఆన్ చేశాను.

ఐదు లైన్లు ఆకుపచ్చగా వచ్చాయి. వాటి కింద ఆరోది కూడా వచ్చింది.

పాత వివరాలు గుర్తుపెట్టుకుని చూపిస్తోంది అనుకున్నాను. అలా జరుగుతుంది. పూర్తిగా ఆపి, ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఆరు లైన్లు. ఆరోదానికి పేరు లేదు. పని చేస్తున్న లెక్కా లేదు. వేడి ముప్ఫై ఎనిమిది అని, ఫ్యాను తొంభై రెండు అని మాత్రం ఉంది.

ఒక కార్డు తీశాను. నాలుగున్నాయి. ఐదు లైన్లు వచ్చాయి.

ఇంకోటి తీశాను. మూడు కార్డులు, నాలుగు లైన్లు.

అప్పటికి నాకు భయమేమీ వేయలేదు. పట్టుదల వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉన్న పెన్‌డ్రైవ్ పాడైందేమోనని, షాపు నుంచి తెచ్చిన కొత్తదానిలో మొత్తం మళ్ళీ ఎక్కించాను. అన్నయ్య మెషీన్ అన్న సంగతే దానికి తెలియదు. అయినా పేరులేని ఆ లైను వచ్చింది. ఎవరిదో వేరే మెషీన్ వివరాలు ఇంటర్నెట్‌లో కలిసిపోయి వస్తున్నాయేమోనని నెట్ కేబుల్ లాగేశాను. లైను పోలేదు.

చివరికి కార్డులన్నీ తీసేశాను. స్టాండు ఖాళీ. కార్డులన్నీ నవారు మంచం మీద వరసగా పరిచి ఉన్నాయి. మదర్‌బోర్డు మీదున్న ప్లగ్గుకే మానిటర్ తగిలించి ఆన్ చేశాను. ఇలా చేస్తే కార్డులేవీ దొరకలేదని రావాలి.

ఒక్క లైను వచ్చింది.

వేడి ముప్ఫై ఎనిమిది. ఆ గదిలో గోడకున్న థర్మామీటరు నలభై దాటి చూపిస్తోంది. ఏ కార్డూ గదికంటే చల్లగా ఉండదు, ఉండలేదు. ఫ్యాను తొంభై రెండు. నేను చూస్తుండగానే తొంభై ఒకటి అయింది. మళ్ళీ తొంభై రెండు. మళ్ళీ తొంభై ఒకటి. కార్డుల ఫ్యాన్లు అలా ఊగిసలాడవు. ఒక స్పీడు దగ్గర నిలబడిపోతాయి, లేదా ఒక్కసారిగా పెరుగుతాయి.

తర్వాత తొంభై. ఎనభై తొమ్మిది.

అప్పుడు మానిటర్ దగ్గరికి వంగాను. ఆ నంబర్లు నాకు తెలుసు. పది రోజులుగా పొద్దునా సాయంత్రం వింటున్న నంబర్లే అవి. ముప్ఫై ఎనిమిది అంటే సెల్సియస్‌లో జ్వరం, మన లెక్కలో నూరు దాటినట్టు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. స్క్రీన్ మీద ఎనభై ఆరు. మళ్ళీ చేశాను. ఎనభై నాలుగు. ఎంతసేపు మోగినా ఎత్తలేదు.

వదినకి చేస్తే మొదటి రింగుకే ఎత్తింది.

"వదినా, అన్నయ్య ఫోన్ ఎత్తట్లేదు. లోపలికి వెళ్ళి చూడండి."

"పడుకుని ఉంటారమ్మా. ఏమైంది?"

"ఏమీ లేదు. మీరు వెళ్ళండి వదినా. ఎవరి కాళ్ళన్నా పట్టుకోండి. ఒక్కసారి చూసి చెప్పండి. ఇప్పుడే."

నా గొంతులో ఏం వినిపించిందో ఏమో, ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఫోన్ అలాగే పట్టుకుని పరిగెత్తింది. గేటు దగ్గర ఎవరితోనో గొడవ పడటం, ఏడవటం, మెట్లెక్కుతూ రొప్పడం అన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి. నా కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి. డెబ్బై తొమ్మిది. డెబ్బై ఐదు.

"సిస్టర్ గారండీ, ఈయన ఎలా ఉన్నారండీ?" అని వదిన ఎవర్నో అడుగుతోంది. తర్వాత నాతో, "బాగానే ఉన్నారమ్మా. నిద్రపోతున్నారు. తొంభై ఐదుందంట. చూసి మరీ చెప్పారు. ఎందుకలా భయపెట్టావు పద్మా?" అంది. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది.

"సరిగ్గా చూశారా వదినా? తొంభై ఐదేనా?"

"నా కళ్ళతో చూశాను కదమ్మా!"

స్క్రీన్ మీద అరవై ఎనిమిది ఉంది.

నేను కుర్చీలో కూర్చున్నాను. అన్నయ్యకి ఏమీ కాలేదు. ఇది మెషీన్ లోపమే. పిచ్చి నంబర్లు చూసి వదినని హడలగొట్టాను అనుకున్నాను. కానీ స్క్రీన్ ఆపడానికి చెయ్యి రాలేదు. లేచి వెళ్ళిపోలేదు కూడా. ఎందుకో ఆ లైనుని ఒంటరిగా వదిలేయకూడదనిపించింది. ఎందుకలా అనిపించిందో ఇప్పటికీ తెలియదు.

అలాగే చూస్తూ కూర్చున్నాను. యాభైల్లోకి వచ్చింది. నలభైల్లో చాలాసేపు నిలబడింది. ఒకసారి ఐదారు అంకెలు పైకి వచ్చింది. అప్పుడు నాకు తెలియకుండానే "ఆ, అలాగే, అలాగే" అన్నాను, ఖాళీ గదిలో. తర్వాత మళ్ళీ దిగింది. లైను ఎర్రగా అయింది. కాసేపటికి అదీ పోయి, కార్డులేవీ దొరకలేదు అని వచ్చింది.

ఫొటో తీసి ఉండాల్సింది అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

కొత్త రైజర్ బిగించి ఆరు కార్డులూ పెట్టాను. ఆరు లైన్లే వచ్చాయి. ఆకుపచ్చగా.

చీకటి పడే ముందు వదిన ఫోన్ చేసింది. అన్నయ్య నంబరు చెప్పింది. బాగానే ఉంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ అన్నయ్య పక్క మంచం ఆయన పోయారమ్మా. మధ్యాహ్నమే. నేను లోపలికి వెళ్ళొచ్చానే, అప్పుడు మధ్యలో తెర వేసి ఉంది. అటువైపు ఆయన దగ్గర ఎవరూ లేరు. ఆక్సిజన్ సరిగ్గా అందలేదో ఏమో తెలియదు. ఎప్పుడు పోయారో కూడా ఎవరూ చూడలేదంట. తర్వాత సిస్టర్ వచ్చి చూస్తే అయిపోయింది. మీ అన్నయ్య ఒకటే ఏడుపు" అంది.

కర్ఫ్యూ కాబట్టి అక్కడే కింద గదిలో పడుకున్నాను. ఆ రాత్రి మేడమీదకి వెళ్ళలేదు.

అన్నయ్య బతికాడు. ఇంటికొచ్చిన చాలా రోజులకి, కాస్త నడవగలిగాక, ఆ మధ్యాహ్నం సంగతి మొదటిసారి తనకి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పక్క మంచం ఆయన సంగతి చెప్పాడు.

ఆ పక్క మంచం మనిషి పేరు ఏడుకొండలు. కొల్లేరు సరస్సు లంకల్లో ఒక ఊరు. కైకలూరు వైపు చేపల చెరువుల మీద పనిచేసేవాడు. ఆయన భార్యకి కూడా జబ్బు తగిలి ఊళ్ళోనే ఉండిపోయింది. తోడుగా ఎవరూ రాలేదు. రోజంతా మంచం మీంచి అన్నయ్య ఫోన్‌లోకి తొంగి చూసేవాడట.

"ఏంటండీ అది, గీతలు?" అని అడిగాడట.

అన్నయ్య చెప్పాడు. ఇవి ఆరు కార్డులు, ఇది వేడి, ఇది ఫ్యాను.

"మా చెరువుల్లో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల లాగన్నమాట. ఏదన్నా ఆగిపోతే తెలుస్తదాండీ?"

"వెంటనే తెలుస్తుంది. ఎర్రగా అయిపోతుంది."

"బాగుందండీ. మా చెరువులో కూడా గాలి చాలకపోతే చేప నీళ్ళ మీదకొచ్చి నోరు తెరుస్తదండి. తెల్లారగట్ల చూస్తే చెరువంతా నోళ్ళే. వెంటనే ఇంజన్ ఏసేస్తాం. ఇక్కడ మనం నోరు తెరుచుకున్నా చూసేవోళ్ళు లేరండీ."

ఆ రోజు నేను కార్డులు పీకుతున్నానని తెలుసు కాబట్టి, ఎర్ర గీతలు చూడటం ఇష్టం లేక అన్నయ్య పడుకుందామనుకున్నాడు. ఏడుకొండలు, "కాసేపు నాకియ్యండీ, నేను చూస్తా ఉంటాను" అన్నాడట. అన్నయ్య ఫోన్ ఆయన చేతికిచ్చి నిద్రపోయాడు. వార్డులో ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టించేవాళ్ళు. సిస్టర్ వచ్చి చూసినప్పుడు ఫోన్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాని మీద నేను చేసిన కాల్స్ ఉన్నాయి.

నేను అన్నిసార్లు చేసిన ఫోను చప్పుడు లేకుండా వెలిగింది ఆయన చేతిలో.

నాకు తెలిసినంతలో చాలా వెతికాను. మదర్‌బోర్డు మీద వేడి కొలిచే చిప్ ఒకటి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని కార్డు అనుకుని ఉండొచ్చు అని ఒక కారణం తట్టింది. ఆ చిప్ గదికంటే చల్లగా ఎలా ఉందో, లేని ఫ్యాను స్పీడు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. తర్వాత అదే గదిలో, అదే ఎండలో, కార్డులన్నీ తీసి చాలాసార్లు ఆన్ చేశాను. ప్రతిసారీ కార్డులేవీ లేవనే వచ్చింది. అన్నయ్య ఆ మెషీన్ ఇప్పుడు నడపటం లేదు. విడిభాగాలు మా షాపులోనే ఉన్నాయి. అమ్మబుద్ధి కావటం లేదు.

వానలు తగ్గాక అన్నయ్య ఏడుకొండలు వాళ్ళ ఇంటికి వెళ్దామన్నాడు. కైకలూరు దాటి, చెరువు గట్ల మీదుగా వెళ్ళాం. ఇంటి బయట వలలు ఆరేసి ఉన్నాయి. ఆయన భార్య నాగమణి మాకు కుర్చీలు వేసి, తను గడప మీద కూర్చుంది. శవాన్ని కూడా చూపించలేదట ఆవిడకి. కవర్లో చుట్టి అటునుంచి అటే తీసుకెళ్ళిపోయారు. ఆయన ఆసుపత్రిలో ఏం తినేవాడు, ఏం మాట్లాడేవాడు అని అన్నీ అన్నయ్యని అడిగింది. అన్నయ్య చెప్పాడు. మెషీన్ సంగతి మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఏమని చెప్పను?

లేచి బయల్దేరుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క మాటండీ. ఈ అన్నగారు అప్పుడు నిద్రపోతున్నారంట కదా. ఆఖర్న ఈయన్ని ఎవరన్నా చూశారాండీ? ఒక్కడే పోయాడాండీ?"

అన్నయ్య తల దించుకున్నాడు.

"లేదండీ" అన్నాను. "నేను చూస్తూనే ఉన్నాను. చివరిదాకా కూర్చున్నాను."

ఆవిడ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేనెవరో, లోపలికి ఎలా వెళ్ళానో అడగలేదు.

తిరిగి చెరువు గట్ల మీదుగానే వచ్చాం. ఆవిడకి నేను చెప్పింది అబద్ధమో, నిజమో, నాకు ఇప్పటికీ తెలియదు.